మలుపు దగ్గర కుర్చీ

తుంటి ఆపరేషనయ్యాక అత్తగారి మంచం ముందుగదిలోకి దిగింది. వచ్చేపోయేవాళ్ళ కళ్ళముందే నిద్ర, కళ్ళముందే తల దువ్వుకోవడం. మేడమీది తన గదికి వెళ్ళాలని ఆవిడ అందరి ప్రాణాలూ తోడేస్తోంది. కోడలు మెట్లెక్కించే కుర్చీలు చేసే కంపెనీలో కంట్రోల్ ఇంజినీరు. కొత్త నమూనా ఒకటి తమ ఇంట్లోనే బిగించడానికి అనుమతి తెచ్చుకుంది.

కుర్చీ ఎంత ఎత్తులో ఉందో చెప్పేది ఓ చిన్న సెన్సరు. రేడియో శబ్దం పెంచే గుండీలాంటిది. కుర్చీ ఎక్కేకొద్దీ అది తిరుగుతుంది, తిరిగినంత మేర వోల్టేజి పెరుగుతుంది. కోడలు దానికి రాసుకున్న సమీకరణం ఒక సరళరేఖ: అడుగున సున్నా, పైన పూర్తి వోల్టేజి. వర్క్‌షాపులో రెండు కొసలూ కొలిచింది, వెంట్రుకవాసి తేడా లేదు. ఆ లెక్క ప్రకారమే మెట్ల మలుపుకి ముందు కుర్చీ నెమ్మదించాలి.

ఖాళీ కుర్చీని ఓసారి నడిపి చూడటం మిగిలింది. ఆమె వైర్లు సర్ది తలెత్తేసరికి అత్తగారు కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చి అందులో కూర్చునే ఉంది, బెల్టు కూడా పెట్టేసుకుని.

ముందు ఖాళీగా తిప్పాలంది కోడలు.

"నువ్వు చేసిందేగా. నీ మీద నీకే నమ్మకం లేకపోతే ఎలాగమ్మా, ఇంజినీరమ్మా?"

మాట గుచ్చుకుంది. కొసలు సరిపోయాయి కదా అనుకుని మీట నొక్కింది.

కుర్చీ హాయిగా ఎక్కింది. మలుపు దగ్గరికొచ్చింది. నెమ్మదించలేదు. కోడలు పరిగెత్తి ఎర్ర బటన్ మీద అరచెయ్యి వేసి గుద్దింది. కుర్చీ ఒక్క కుదుపుతో ఆగింది. అత్తగారి మోకాళ్ళకీ గోడకీ మధ్య జానెడు కూడా లేదు.

ఎత్తుకుని దించేస్తానన్నాడు భర్త. బెల్టు ముట్టుకోవద్దంది ఆమె. మెట్టుమీద అతను తడబడితే ఆ తుంటి మళ్ళీ అతకదు.

మీటరు పెట్టి చూసింది. కుర్చీ ఇంకా మలుపుకి చాలా కిందే ఉందంటోంది సెన్సరు. సెన్సరు నుంచి కుర్చీని నడిపే కంట్రోల్ బోర్డుకి వెళ్ళే వైరు పీకింది, అంకె సరైన చోటికి ఎగబాకింది. అప్పుడర్థమైంది. తన సమీకరణంలో సెన్సరు ఒంటరిది. ఇక్కడ బోర్డు దాన్నుంచి కాస్త కరెంటు పీల్చుకుంటోంది. కొసల్లో ఆ తేడా బయటపడదు, నడుమ మాత్రం వోల్టేజి కుంగుతుంది. నడుమ ఆమె కొలవలేదు.

"తప్పు నాదే అత్తయ్యా. కరెంటు తీసేసి, చేతిపిడితో మెల్లగా కిందికి దించుతాం."

అత్తగారు ఊపిరి కూడదీసుకుంది. "ఆ పిడి పైకి తిరగదా?"

"తిరుగుతుంది. కానీ ఇది బాగయ్యేదాకా మీరు దిగడానికుండదు."

"దిగుతానని ఎవరన్నారు?"

భర్త ఏదో అనబోయాడు. కోడలు కిందికి చూసింది. ముందుగదిలో ఆ మంచం, దాని పక్కనే వీధి చెప్పులన్నీ.

"పైకే తిప్పండి," అంది భర్తతో.

అతను పిడి తిప్పుతుంటే కుర్చీ అంగుళం అంగుళం కదిలింది. అత్తగారి మోకాళ్ళకి తన చెయ్యి అడ్డంపెట్టి కోడలు వెనక్కి నడుస్తూ ఎక్కింది. మలుపులో గోడ ఆమె వేళ్ళ తోలు గీరేసింది. ఆ చేతి మణికట్టుని అత్తగారు గోళ్ళు దిగేలా పట్టుకునే ఉంది.

పైకి చేరాక ఆవిడ కొడుకు భుజం ఆసరాతో గదిలోకి నడిచింది. కొడుకుని బయటికి పంపేసి తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

లోపల మంచం కిర్రుమనేదాకా కోడలు తలుపు దగ్గరే చెవి ఆనించి నిలబడింది.