మూడేళ్ల ఖాళీ

సుహాసిని ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, హైవే పక్కనున్న మందుల కంపెనీ లేబ్‌లో కొన్నాళ్లు పనిచేసింది. తల్లికి కిడ్నీలు పాడయ్యాక ఉద్యోగం మానేసింది. శ్రీముఖలింగం నుంచి శ్రీకాకుళానికి డయాలసిస్‌కి తిప్పడానికి ఇంట్లో మరో మనిషి లేదు. మూడేళ్లు అలా తిప్పింది. మొన్న వేసవిలో తల్లి పోయింది. రేపు వేరే కంపెనీలో ఇంటర్వ్యూ.

సాయంత్రం ఊడ్పుల నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్న తండ్రి గంగరాజు, "ఒక్కర్తివీ గోడతో మాటాడుకుంతన్నావేటమ్మా. నేనడుగుతాను, సెప్పు" అని అరుగు మీద కూర్చున్నాడు. సుహాసిని ఫోన్లో ప్రశ్నలు తెరిచి ఇచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మీ గురించి సెప్పండి."

కూతుర్ని మీరు అన్నందుకు ఆయనకే నవ్వొచ్చింది. ఆమెకూ రావలసిందే, రాలేదు. పొద్దుట్నుంచీ అదే జవాబు చెప్పి చెప్పి నోరు పిడచకట్టుకుపోయింది. చదువు, చేసిన పని, తెలిసిన మెషీన్లు, అన్నీ అప్పజెప్పింది.

"మజ్జిలో మూడేళ్లు ఏటి సేసినారు?"

"ఆన్‌లైన్ కోర్సు చేశానండీ. ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పాను."

గంగరాజు ఫోన్ కిందికి దించాడు. "కోర్సేటి?"

"అలాగే సెప్పాల నాన్నా. రోగిని సూసుకున్నానంటే, రేపు మళ్లీ సెలవులడుగుతాదని తీసుకోరు. నాతో సదివిన రేఖ సెప్పింది."

"అంటే మీ యమ్మ మాట ఎత్తకూడదన్నమాట."

ఆయనే మళ్లీ ఫోన్ ఎత్తి, "సరే, మళ్లీ సెప్పు. ఈపాలి నా మొకం సూసి సెప్పు" అన్నాడు. తడబడకుండా వచ్చేదాకా అదే అడిగాడు, ఆమె అదే చెప్పింది.

మర్నాడు ఏసీ గదిలో ఇద్దరు కూర్చున్నారు. కళ్లద్దాలాయన కాగితాలు తిరగేసి, "ఈ మూడేళ్ల గ్యాప్ ఏంటమ్మా?" అన్నాడు.

కోర్సు మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఆ అబద్ధం చెప్పి, ఆపైన నిలబెట్టుకునే ఓపిక తనకి లేదనిపించింది.

"మా అమ్మకి డయాలసిస్ అండీ. నేనే తిప్పాను. పోయారు."

"అయ్యో" అన్నాడాయన. రెండో ఆయన, "ఇంట్లో ఇంకెవరున్నారు?" అని అడిగాడు.

"మా నాన్నగారు."

"ఆయనకి బాగోకపోతే?"

"నేనే చూసుకోవాలండీ."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లేబ్‌లో ఖాళీలు నిండిపోయాయనీ, ప్యాకింగ్‌లో కాంట్రాక్టు మీదైతే వెంటనే చేరొచ్చనీ, నైట్ షిఫ్టులు కూడా ఉంటాయనీ చెప్పారు. ఇంకో కంపెనీ, ఇంకో గది, మళ్లీ అదే ప్రశ్న తలుచుకుంటేనే ఆమెకి నీరసం వచ్చింది.

"చేరతానండీ" అంది.

బస్సెక్కగానే తండ్రి ఫోన్ చేశాడు.

"వచ్చింది నాన్నా."

"లేబులోనేనా?"

"ఊఁ."

"ఆ మూడేళ్ల సంగతడిగారా?"

"అడిగారు. అమ్మ గురించే సెప్పాను."

ఆయన గొంతు సన్నబడింది. "మంచి పని సేసినావు. తిన్నావా?"

"లేదు."

"వంకాయ కూరొండి ఉంచాను. వచ్చీ."

సుహాసిని కిటికీ ఊచకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఆడవాళ్ల ఉచిత టిక్కెట్టుకి ఆధార్ చూపించమని కండక్టర్ రెండోసారి అడిగేదాకా ఆమెకి వినపడలేదు.