మూడు కాళ్ల బొమ్మ

వాలుగ చేప దవడతో కీబోర్డు దువ్వుతున్నాడు జగన్నాధం. అక్షరాల సందుల్లో పేరుకున్న దుమ్ము ఆ సన్నటి పళ్లకు చిక్కి బయటికి వస్తోంది. పొందూరులో అతని తల్లి కూర్మమ్మ బతికినంత కాలం ఆ దవడతోనే పత్తి దువ్వింది. పళ్ల మొదట్లో చిక్కుకున్న ఆమె కాలం నాటి పత్తి పోగు ఒకటి ఉంది. దాన్ని మాత్రం అతనెప్పుడూ లాగలేదు.

ఆఫీసంటే విజయనగరంలో మందుల షాపు మీద రెండు గదులు. రైతుల మోటార్లకు, చేపల పడవలకు కావాల్సిన ఎలక్ట్రానిక్ బోర్డులు అక్కడ తయారవుతాయి. జగన్నాధం పని కంప్యూటర్లో ట్రాన్సిస్టర్ బొమ్మలు గీయడం. గుండ్రం, లోపల ఒక గీత, మూడు కాళ్లు, ఒక కాలికి బాణం. కాలికో నెంబరిచ్చి కంప్యూటర్లోని బొమ్మల లైబ్రరీలో పెడతాడు. డిజైన్ చేసేవాళ్లు ఆ బొమ్మల్ని తీసుకుని సర్క్యూట్ గీస్తారు. దాన్నుంచి కంప్యూటర్ నెట్‌లిస్ట్ తీస్తుంది, అంటే ఏ కాలు దేనితో కలవాలో చెప్పే జాబితా. బోర్డు మీద రాగి గీతలన్నీ దాని ప్రకారమే పడతాయి. బొమ్మ గీసినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఉండాలని జగన్నాధం అనుకోనూ లేదు.

ఒకప్పుడు పొందూరులో అతనికి రేడియో రిపేరు షాపు ఉండేది. రేడియోలు పోయాక షాపు మూసేసి, నలభై దాటిన వయసులో మౌసు పట్టాడు. మొదట్లో చెయ్యి బల్ల మీద ఒకవైపు పోతే, తెర మీద బాణం ఇంకోవైపు పోయేది. ఇప్పుడు మచ్చలుపడ్డ ఆ లావుపాటి వేళ్లు గీత గీస్తుంటే చూడ్డానికి ముచ్చటేస్తుంది.

ఇవాళ పడవ దీపం ఫైలు ఫ్యాక్టరీకి వెళ్లాలి. రాత్రి వేటలో ఉన్న చిన్న పడవను పెద్ద ఓడలు గుర్తుపట్టి తప్పుకునేందుకు పెట్టే దీపం అది. డిజైన్ చేసింది తులసి, సముద్రం ఒడ్డున భావనపాడు పిల్ల. మొదటి దీపం కట్టేది ఆమె తండ్రి లక్ష్ముడి పడవకే.

"బాబాయ్, నెట్‌లిస్టు తీసీసాను. తప్పేటీ సూపించలేదు. పంపీనా?"

"ఆగు తల్లీ. సరుకు సూడాల."

యజమాని నరసింగరావు గుమ్మంలోకి వచ్చాడు. "మజ్జానం లోపు పంపకపోతే ఫ్యాక్టరీలో మన వంతు పోతాది. ఇంకా ఏటి సూస్తన్నావు?"

జగన్నాధం ట్రాన్సిస్టర్ల డబ్బా ముందుకు లాక్కున్నాడు. పొద్దున్నించీ ఎడమ భుజం లాగుతోంది. పొందూరు రైలు దిగి సంచీ మోసుకొచ్చినందుకేమో అనుకుని ఓసారి రుద్దుకున్నాడు. ఫైలు గడప దాటేముందు అసలు సరుకును చేత్తో పట్టి చూడటం అతనికి రేడియో షాపు నాటి పద్ధతి. డబ్బాలోంచి ఒక ట్రాన్సిస్టర్ తీసి, తన బొమ్మలోని వరసలోనే దాని కాళ్లను మీటరు రంధ్రాల్లో దూర్చాడు. అంకె లేవలేదు. అటూ ఇటూ చివర ఉన్న కాళ్లు రెండూ తారుమారు చేసి పెట్టాడు. అంకె లేచింది.

ఎక్కడ పొరబడ్డాడో వెంటనే తెలిసింది. ట్రాన్సిస్టర్ చేసిన కంపెనీ కాగితంలో దాని కాళ్ల బొమ్మను పైనుంచి చూసి వేశారు. జగన్నాధం మాత్రం సగం జీవితం రేడియోలను బోర్లా తిప్పి, టంకం వేసిన వైపు నుంచే కాళ్లు లెక్కపెట్టాడు. చెయ్యి పాత దారినే పోయింది. బొమ్మకూ జాబితాకూ నెంబర్లు కలిశాయి కాబట్టి కంప్యూటర్ నోరెత్తలేదు.

గుట్టుగా దిద్దేస్తే ఎవరికీ తెలిసేది కాదు. అతను తులసిని పిలిచాడు.

"తప్పు నాది తల్లీ. ఒకటో కాలూ మూడో కాలూ తిరగబడిపోనాయి."

"అయితే దీపం ఎలగదా?"

"ఎలుగుతాది. బల్ల మీద బాగానే ఎలుగుతాది. తిరగబడ్డ కాళ్ల మీద వేడెక్కీసి, నాలుగు రోజులకి నడిసంద్రంలో ఆరిపోతాది."

"మా అయ్య దాన్నే నమ్ముకుని పడుకుంటాడు బాబాయ్" అంది తులసి.

నరసింగరావు గడియారం చూసి, తర్వాత జగన్నాధం మొహం చూశాడు. "మార్సి పంపండి. వంతు పోతే పోనాది" అన్నాడు.

రెండు నెంబర్లు మార్చడం క్షణం పని. కానీ జగన్నాధం నెట్‌లిస్ట్ మళ్లీ తీయించి, తులసి అరచేతిలో ట్రాన్సిస్టర్ పెట్టి, ఒక్కో కాలు ముట్టుకుంటూ జాబితా అంతా ఆమెతో పైకి చదివించాడు. ఇంతా చేస్తే ఫైలు మధ్యాహ్నానికే వెళ్లింది. పని మీద అంత భక్తి ఉన్న మనిషిని తులసి మళ్లీ చూడలేదు.

ఆ సాయంత్రం పాసింజరు రైలు పొందూరులో ఆగింది. దిగాల్సినవాళ్లు దిగుతున్నారు. జగన్నాధం కిటికీకి తల ఆనించి కూర్చునే ఉన్నాడు. రోజూ కలిసి వచ్చే పెద్దమనిషి, జగన్నాధం నిద్రపోయాడేమోనని భుజం తట్టాడు. ఒళ్లోని క్యారేజీ జారి కిందపడింది, మనిషి కదల్లేదు.

బోర్డులు వచ్చాక, లక్ష్ముడు దీపాన్ని పడవకు కట్టి వేటకు పోయాడు. ఆరని ఆ వెలుగును ఒడ్డు నుంచి కనబడినంత సేపూ చూసింది తులసి. బాబాయికి చెబుదామని ఫోన్ తీసి, పేరు దాకా వెళ్లి, ఏడ్చేసింది.

సోమవారం ఆఫీసుకు వచ్చి అతని కంప్యూటర్ మీద గుడ్డ తీసింది. కీబోర్డు పక్కన వాలుగ దవడ అలాగే ఉంది, పళ్ల మొదట్లో కూర్మమ్మ పత్తి పోగుతో.