పంటు మీద ఫిరంగి

1776 క్రిస్మస్ రాత్రి డెలవేర్ నదిలో మంచుపెళ్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దిగువకు పోతున్నాయి. మార్బుల్‌హెడ్ ఊరి జాలరి అమోస్ ట్రెఫ్రీ గెడ పట్టుకుని పంటు మీద, సామాను దాటించే చదునైన పెద్ద పడవ మీద, నిలబడ్డాడు. పాతికేళ్లుగా తుఫానుల్లో చేపలు పట్టిన మనిషికి గుర్రమంటే మాత్రం చచ్చేంత భయం. ఇవాళ అతని వంతుకు ఒక ఫిరంగి, దాన్ని లాగే రెండు గుర్రాలు వచ్చాయి.

“ఏం బావా, సొరచేపలతో ఆడుకునేవాడివంట! నా పిల్లను చూసి వణుకుతున్నావే?” అన్నాడు ఫిరంగి కాల్చే హైరమ్, ఆడగుర్రం మెడ తడుతూ.

“సొరచేప వెనక్కాళ్లతో తన్నదురా. గట్టిగా పట్టుకో దాన్ని.”

అవతలి ఒడ్డున ట్రెంటన్ ఊళ్లో ఇంగ్లీషు రాజుగారు అద్దెకు తెచ్చుకున్న జర్మన్ సైనికులు దిగి ఉన్నారు. నాలుగు నెలలుగా ఓడిపోతూ వెనక్కి జరుగుతున్న అమోస్ వాళ్ల అమెరికన్ తిరుగుబాటు సైన్యానికి మిగిలింది ఈ ఒక్క దెబ్బే.

నది నడుమ గది అంత మంచుపెళ్ల వచ్చి పంటును గుద్దింది. ఆడగుర్రం బెదిరి ముందుకాళ్లెత్తింది. పంటు ఒరిగి ఫిరంగి జారసాగింది. హైరమ్ చక్రానికి భుజం ఆనించి, “కళ్లు మూయి బావా! దాని కళ్లు!” అని అరిచాడు.

అమోస్ గెడను పక్కవాడి చేతిలో పెట్టి, కోటు విప్పి గుర్రం తలమీద కప్పాడు. మెడను రెండు చేతులా కావలించుకున్నాడు. అది తల విసిరితే పళ్లు రాలతాయని తెలుసు. అయినా వదల్లేదు. గుర్రం వణికింది, ఊపిరి వదిలింది, కాళ్లు దించింది.

ఒడ్డెక్కేసరికి అనుకున్న వేళ ఎప్పుడో దాటిపోయింది. ఇంకా తొమ్మిది మైళ్లు నడవాలి. చలిగాలి ముఖాన కొడుతోంది.

“మందు తడిసిపోయింది. తుపాకీ పేలదు,” అన్నాడొకడు.

“తుపాకీ మొనకున్న బాయ్‌నెట్ కత్తి తడిసినా గుచ్చుకుంటుంది. నడు,” అన్నాడు అమోస్.

ఎనిమిదింటికి, తెల్లగా వెలుగొచ్చాక, ట్రెంటన్ వీధి మొదట్లో హైరమ్ ఫిరంగి పేలింది. జర్మన్లు గుండీలు పెట్టుకుంటూనే బయటపడ్డారు. వాళ్లు వరస కట్టేలోపు రెండో గుండు పడింది. అమోస్ తనవాళ్లతో ఊరి దిగువన వాగు మీది వంతెనకు పరుగెత్తి వాళ్లు పారిపోయే దారి మూసేశాడు. గంటన్నర తిరక్కుండా తొమ్మిది వందల మంది దాకా తుపాకులు కింద పడేశారు.

గెలిచినా పడుకోవడానికి లేదు. ఖైదీలను మళ్లీ రేవుకు నడిపించి నది అవతలికి చేర్చాలి. వాళ్లను ఎక్కించేసరికి పడవ చుట్టూ మంచు బిగుసుకుంది. అమోస్ ఖైదీల ముందు కాళ్లు దబదబా కొట్టి చూపించాడు.

“ఇలా! తొక్కండి!”

మాట తెలియకపోయినా మీసాల జర్మన్ ఒకడు ముందు తొక్కాడు. తర్వాత అందరూ తొక్కారు. పెళ్లలు ఫెళఫెళమని విరిగాయి. అమోస్ గెడ దించి, ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి పడవను నెట్టాడు.