దిమ్మ ఆపేసిన పాదం

వవావు దీవిలో ఆడవాళ్ళు పొద్దున్నే పాకలో చేరి, నానిన బెరడుని కొయ్యదిమ్మల మీద పరిచి, సుత్తెలతో కొట్టి బట్ట చేస్తారు. కలేసీత కూడా రోజూ వెళ్ళేది. చావు జరిగిన ఇంటివాళ్ళు అక్కడ కట్టుకునే సంతాపపు చాప నడుముకి చుట్టుకుని, తన దిమ్మ ముందు కూర్చుని కొట్టేది. ఎవరైనా పలకరిస్తే తలూపేది.

ఆమె మొగుడు సితివేని ఊరికి పాటలు కట్టేవాడు. పెళ్ళికైనా, చర్చి విందుకైనా అతని పాటకే ఆడేవాళ్ళు. ఒకరోజు అతను చేపలకి వెళ్ళిన పడవ గాలివానకి తిరగబడింది. శవం దొరకలేదు. అప్పట్నుంచీ కలేసీత దిమ్మ మీద సుత్తె పడితే అతని గొంతు వచ్చేది, కొత్త పాదాలు చెబుతూ.

"ఇవాళ బొంగురుగా ఉన్నాడు," అనేది ఒకామె.

"బెరడు తడెక్కువైంది," అనేది ఇంకొకామె. పాదం బాగుంటే అందరూ పాడుకుంటూ పని చేసుకునేవాళ్ళు.

కలేసీతకి మాత్రం ఆ గొంతు విన్నా ఏమీ అనిపించేది కాదు. ఏడుపు రాలేదు. కూరలో ఉప్పు వేసిందో లేదో తెలిసేది కాదు. కూతురు మీలికా కూడా మాటలు తగ్గించేసింది.

రాజధాని నుంచి సితివేని అక్క ఫూసీ వచ్చింది. మేనత్త అడిగితే కాదనే ఇల్లు అక్కడ లేదు.

"పిల్లని నాతో తీసుకెళ్తున్నా. ఇక్కడుంటే మాటలే మర్చిపోయేట్టుంది."

"సరే వదినా," అంది కలేసీత.

"సరేనా? ఇంకేం లేదా?"

"ఏం చెప్పమంటారు?"

పడవ మధ్యాహ్నానికి. మీలికా మూట ఒళ్ళో పెట్టుకుని పాక గుమ్మంలో కూర్చుంది, పక్కన మేనత్త. కలేసీత సుత్తె ఎత్తింది. దిమ్మ అంది:

గాలి వచ్చి చాపనడిగింది
ఎవరు లేచి వెళ్ళారని
చాప అంది...

అక్కడ ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అక్కడిదాకానే. మిగతావాళ్ళు సుత్తెలు దించేశారు.

"చిన్నప్పుడూ ఇంతే. చివరికొచ్చేసరికి తంటాలు పడేవాడు," అంది ఫూసీ.

బతికుండగా అతను అలా ఆగినప్పుడల్లా వంటింట్లోంచి ఎవరు అందించేవాళ్ళో ఊళ్ళో ఎవరికీ తెలీదు. కలేసీత నోరు దానంతటదే కదిలింది.

"ఇంకా వెచ్చగా ఉంది, కూర్చోకు."

దిమ్మ ఆ పాదాన్ని ఒక్కసారి సితివేని గొంతుతో పలికింది. తర్వాత ఎంత కొట్టినా కొయ్య చప్పుడే.

ఫూసీ కలేసీత వైపు తిరిగింది. "వాడి పాటల్లో చివరి పాదాలన్నీ నీవేనా?"

"కొన్ని ఆయనవే."

ఫూసీ లేచి, మీలికా ఒళ్ళోని మూట తీసి పాక లోపల పెట్టింది. "నువ్విక్కడే ఉండు. ఇక ఊరికి పాట కట్టాల్సింది మీ అమ్మే. వినేవాళ్ళు ఒకరు కావాలి." ఒక్కతే రేవుకి నడిచింది.

కలేసీతకి సంతోషం కలగలేదు, దుఃఖమూ కలగలేదు. బెరడు తిప్పి వేసి కొడుతూ ఒక పాదం పైకి అంది.

"బాలేదమ్మా," అంది మీలికా.

"అయితే నువ్వు చెప్పు."

మీలికా ఇంకో సుత్తె తీసుకుని, ఎదురుగా కూర్చుని, చెప్పింది.