ఈల మోగాక మాట

1998 వానాకాలం మొదట్లో మాదాపూర్ గుట్టల దగ్గర పని పట్టినప్పుడు కూలీల మేస్త్రీ లింగమూర్తి చేతిలో ఉన్నవి మూడే. పాలమూరు జిల్లా మక్తల్ వైపు ఊళ్ల నుంచి తెచ్చుకున్న ముప్పై ఒక్కమంది మనుషులు, ఒక హాజరీ పుస్తకం, మెడలో నల్లతాడుకు కట్టుకున్న ఇత్తడి ఈల. రాయదుర్గం బండల పక్కన రేకుల షెడ్లలో వాళ్లందరి కాపురం. కంప్యూటర్ కంపెనీ కోసం లేవబోయే అద్దాల మేడకు రెండంతస్తుల లోతున సెల్లార్ గొయ్యి తవ్వడం వాళ్ల పని. నెలాఖరుకు గొయ్యి పూర్తయితే పక్క మేడ పనీ నీదేనని సైటు ఇంజనీరు చెన్నకేశవులు మాట ఇచ్చాడు.

ఆ ఈలకు ఒక చట్టం ఉండేది. పొద్దున అది మోగాక మధ్యాహ్నం మళ్లీ మోగేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. విప్పినవాళ్లకు ఆ పూట హాజరీ పోయినట్టే. మాట్లాడే నోరు పనిచేసే చేతిని తింటుందని లింగమూర్తి నమ్మకం. అనంతపురం వాడైన చెన్నకేశవులు ఆ గుంపును చూసి ముచ్చటపడేవాడు. "ఇంత గమ్మునుండే గుంపును నేను యాడా సూడలేదప్పా" అన్నాడొకసారి. ఆ మెప్పుతో లింగమూర్తి చట్టాన్ని ఇంకా బిగించాడు.

పని పట్టిన కొత్తలోనే యాదమ్మ అనే ఆమె పని ఆపి, వెదురు నిచ్చెన మెట్టు పగిలిందని చెప్పింది. "ఇంజనీరమ్మ సెలవిస్తున్నరు, అందరు ఇనుండ్రి" అని లింగమూర్తి వెక్కిరించి, ఆమె పూట కొట్టేశాడు. అందరూ నవ్వారు. ఆమె భర్త పెంటయ్య కూడా నవ్వాడు. ఆ పేరే ఆమెకు నిలిచిపోయింది. పగిలిన మెట్టును సాయంత్రం పెంటయ్యే సుతిలి తాడుతో కట్టుకున్నాడు. యాదమ్మ మళ్లీ ఏదీ చెప్పలేదు.

మూడు రోజులు వాన దంచి, తెరిపిచ్చింది. పని మళ్లీ మొదలైన రెండో రోజు, ఆడవాళ్లు మట్టి తట్టలతో తూర్పు ఒడ్డు మీదుగా నేరుగా పోకుండా ఇసుక కుప్ప చుట్టూ తిరిగి పోవడం లింగమూర్తి గమనించాడు. ఒకరు కాదు, అందరూ. తట్టకు ఇరవై అడుగులు దండగ. కింద చూస్తే మగవాళ్లు కూడా తూర్పు గోడ వదిలేసి పడమటి వైపే తవ్వుతున్నారు. బద్ధకం అని అతను తేల్చుకున్నాడు. ఎందుకని అడగాలని తోచలేదు. అతనికి మనుషులను అడిగే అలవాటు లేదు.

పోయి దారికి అడ్డంగా నిలబడ్డాడు. ముందు వచ్చింది యాదమ్మే.

"ఏంది, ఊరంత తిరిగొస్తవా? దగ్గరి తొవ్వ కనవడ్తలేదా?"

"మేస్త్రీ, ఆడ నేల..." అని ఆమె మొదలుపెట్టింది. మాట సగంలో ఉండగానే ఆమె ముఖం మీద ఈల ఊదాడు. గుంపులో గట్టివాడైన పెంటయ్యను పిలిచి తూర్పు గోడ మొదలు దగ్గర తవ్వమన్నాడు. పెంటయ్య ఒకసారి తల ఎత్తి గోడను చూశాడు, ఇంకోసారి హాజరీ పుస్తకాన్ని చూశాడు. ఆ నెలలో ఇద్దరివీ కలిపి నాలుగు పూటలు పోయి ఉన్నాయి. పొమ్మన్నట్టు భార్యకు కళ్లతోనే సైగ చేసి, గడ్డపార భుజానికెత్తుకున్నాడు.

యాదమ్మ ఆ ఒడ్డు మీద మూడు తట్టలు మోసింది. నాలుగో తట్టకు దిగుతుండగా తూర్పు గోడ జారి పెంటయ్య మీద పడింది.

అందరూ పారలు పడేసి చేతులతో మొరం మట్టి తోడారు. మధ్యాహ్నపు ఈల ఇంకా మోగలేదు గనుక ఒక్కరూ మాట్లాడలేదు. ఆ మౌనంలో గోళ్లు రాయికి గీసుకునే చప్పుడు లింగమూర్తికి బతికినంత కాలం వినబడుతూనే ఉంది. పెంటయ్యను పైకి తీసేసరికి ఊపిరి లేదు.

దవాఖాన వరండాలో లింగమూర్తి గుంపు ముందు నిలబడి, జారక ముందే ఒడ్డు పగిలిందని ఎంతమందికి తెలుసని అడిగాడు. గుంపులో పెద్దదైన ఈరమ్మ తల ఎత్తింది.

"అందరికి ఎరుకే. నిన్న పొద్దటి సంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"దినమంత చెప్తనే ఉన్నం గద బిడ్డా. సుట్టు తిరిగి నడిసి చెప్పినం. నువ్వే అడగలే."

యాదమ్మ అతని వైపు చూడనైనా లేదు. శవంతో ఊరికి వెళ్లిపోయింది. ఆమె వెనక పోయినవాళ్లలో పందొమ్మిది మంది తిరిగి రాలేదు. పక్క మేడ పని వేరే గుంపుకు పోయింది.

మిగిలిన పదిమందితో లింగమూర్తి మళ్లీ పనిలోకి దిగాడు. ఇప్పుడు పొద్దున ఈల లేదు. ఒక్కొక్కరి ముందు ఆగి, చెప్పేదేమైనా ఉందా అని అడిగేవాడు. చెప్పినవాళ్ల హాజరీ పోదని మాట ఇచ్చాడు. ఎనిమిది పొద్దులు అడిగాడు. ఎనిమిది పొద్దులూ వాళ్లు తలలు అడ్డంగా ఊపారు. సరుకు పోతే అప్పు తెచ్చి నింపుకోవచ్చు. పోయిన నమ్మకానికి అప్పు పుట్టదు.

తొమ్మిదో రోజు బరువు లాగే మోకును ఈరమ్మ చేతిలోకి తీసుకుంది. "దీని పోగులు తెగుతున్నయ్ మేస్త్రీ" అంది. తొమ్మిది జతల కళ్లు అతని చేతిలోని పుస్తకం మీద పడ్డాయి. లింగమూర్తి పని ఆపాడు. మోకు తనే విప్పి, కొత్తది కట్టేసరికి సగం పూట పోయింది. సాయంత్రం పదిమందికీ నిండు హాజరీ వేశాడు. "మంచిగ చెప్పినవ్ పెద్దమ్మా" అన్నాడు. మర్నాడు మరో ఇద్దరు నోరు విప్పారు.

మొదట అతని చేతిలో ముప్పై ఒక్కమంది ఉన్నారు, ఒక్కరి మాటా లేదు. చివరికి పదిమంది మిగిలారు, ముగ్గురి మాట దక్కింది. ఆ మాటకు పెట్టిన వెల పెంటయ్య ప్రాణం. గొయ్యి దగ్గరైనా, అద్దాల గదిలోనైనా నలుగురిని నడిపించే ప్రతివారూ ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి: చేతులు కూలికి దొరుకుతాయి, భయం లేని మాట వినేవాడికే దొరుకుతుంది.