మార్చిలో చల్లబడని సముద్రం

“పప్పు పొంగుతున్నది, గా ఫోటోలల్ల ఏం చూస్తున్నవ్?” అని అత్త మహాదేవమ్మ కేకేస్తే, సుష్మ పొయ్యి తగ్గించి వచ్చి మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చునేది. పెళ్ళికి ముందు ఆమె విశాఖపట్నంలో పరిశోధన విద్యార్థి. ప్రతి నెలా పడవలో వెళ్ళి, సముద్రపు నీళ్ళ ఉష్ణోగ్రత కొలిచి, ఆ నీళ్ళలో తేలే కంటికి కనబడని మొక్కలను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టేది. వాటిని వృక్షప్లవకాలంటారు. పెళ్ళయి జహీరాబాద్ వచ్చాక చదువు సగంలో ఆగింది.

గైడు మదన్‌మోహన్ మాత్రం పని చెప్పడం ఆపలేదు. “ఇంట్లో ఖాళీయే కదమ్మా” అంటూ లెక్కపెట్టమని మూడేళ్ళు మైక్రోస్కోపు ఫోటోలు, ఉష్ణోగ్రతల పట్టికలు పంపాడు. జీతం మాట ఎత్తలేదు. పాపకు తినిపించి, బట్టలుతికి, అత్తకు మందులిచ్చి, మిగిలిన మధ్యాహ్నాలన్నీ సుష్మ ఆ పనికే ఇచ్చింది. “మా కోడలు జహీరాబాద్‌ల కూసొని సముద్రం చూస్తది” అని అత్త పక్కింటివాళ్ళతో నవ్వేది. ఆ నవ్వులో భర్త ప్రశాంత్ కూడా కలిసేవాడు. నవ్వనీ అనుకునేది సుష్మ. మార్చిలో అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకొస్తే ఆ మొక్కలు ఎట్లా విపరీతంగా పెరుగుతాయో, మే ఎండలకు ఎట్లా తగ్గిపోతాయో, వానలు పడ్డాక ఏ కొత్త రకాలు దిగుతాయో ఆమెకు ఇంటివాళ్ళ అలవాట్లంత బాగా తెలుసు. మూడో ఏడు మార్చిలో చల్లటి నీళ్ళు రాలేదు. మొక్కలు సగానికి పడిపోయాయి. అది పట్టుకుని, వివరంగా రాసి గైడుకు పంపింది ఆమే.

అది ఒక సైన్సు పత్రికలో వ్యాసంగా వచ్చింది. అయిదుగురి పేర్లున్నాయి. ఆమె పేరు లేదు. చివర “లెక్కింపులో సాయపడిన ఒక గృహిణికి కృతజ్ఞతలు” అని మాత్రం ఉంది. సాయమా? ఎవరి పనికి ఎవరు సాయం? ఆ రోజే తన పట్టికలు, పాత మెయిళ్ళు అన్నీ కలిపి సంపాదకులకు పంపింది.

వారానికి ప్రశాంత్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. “సార్ లైన్ల ఉన్నడు. జర తప్పైందని చెప్పు. అంత పెద్దమనిషితోని మనకెందుకు?”

సుష్మ చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

“చూడమ్మా, నీ పేరు రెండోది పెట్టిస్తాను. ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో,” అన్నాడు మదన్‌మోహన్.

“మూడో ఏడు మార్చిల ఉష్ణోగ్రత ఎంత సార్?”

అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

“ఇరవై తొమ్మిది డిగ్రీలు. అంతకుముందు రెండేండ్లు ఇరవై ఆరు దాటలే. అది చూసింది నేను. మొదటి పేరు నాది సార్,” అని ఫోన్ భర్తకు ఇచ్చేసింది.

“గంత గట్టిగ మాట్లాడుడు ఏంది?” అన్నాడు ప్రశాంత్.

“మెల్లగనే మాట్లాడిన,” అంది సుష్మ.

రెండు నెలలకు సంపాదకుల జవాబు వచ్చింది. ఆధారాలు సరిపోయాయనీ, ఆమె పేరు మొదట వేసి సవరణ ప్రచురిస్తామనీ, ఈ పని ఏ సంస్థలో జరిగిందో రాయమనీ చెప్పారు. ప్రశాంత్ ఆమె వెనక నిలబడి చదివాడు.

“సార్ వాళ్ళ యూనివర్సిటీ పేరు రాయి. ఇజ్జత్ ఉంటది.”

సుష్మ సంస్థ పేరు రాయాల్సిన గడిలో జహీరాబాద్‌లోని తమ ఇంటి నంబరు రాసింది.