కొండ కడుపులో పిలుపు

జాబితాలో తన పేరు చదవగానే ల్యాబంతా చప్పట్లు మోగాయి. హర్కజిత్ ఆలే చేతిలో ఉన్న స్పానరు ఎక్కడ పెట్టాలో తోచక చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఖాట్మండు లోయ అంచున, ఇటుక బట్టీల అవతల ఉన్న ఆ ఇంజనీరింగు కాలేజీలో ఇరవై రెండేళ్లుగా అతను జలవిద్యుత్తు ల్యాబు చూసుకుంటున్నాడు. పిల్లల దగ్గర్నుంచి ప్రిన్సిపాలు దాకా అందరికీ అతను ‘దాయ్’, అంటే అన్న. టర్బైను తిరిగే చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాడు. విమానాన్ని మాత్రం కింద నిలబడి చూడడమే.

విదేశీ నిధి ఒకటి ఏటా ఒక విద్యార్థినీ, ఒక ఉద్యోగినీ జంటగా నార్వేకి పంపుతుంది. పన్నెండు రోజుల శిక్షణ. టిక్కెట్లు, వీసా, బస, ఆఖరికి చలికోట్లు కూడా వాళ్లవే. ఈసారి విద్యార్థిగా ఎంపికైంది కేసరి ఘలే. గోర్ఖా కొండల పిల్ల, చివరి ఏడు చదువుతోంది. ఉద్యోగిగా హర్కజిత్.

“దాయ్, పార్టీ ఎప్పుడు? మోమోలతో సరిపెడదామనుకుంటే కుదరదు!” అన్నాడొకడు వెనకనుంచి.

“ముందు ఆయనకి టై కట్టడం నేర్పండ్రా. పైపుకి వాషరు బిగించినట్టు బిగించుకుంటాడు,” అన్నాడు ఇంకొకడు.

హర్కజిత్ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆ సాయంత్రం దాకానే నిలిచింది.

సాయంత్రం క్యాంటీనులో కేసరి కార్యక్రమం కాగితాలు తెచ్చి, ఇంగ్లీషులో ఉన్నది చదివి చెప్పసాగింది. మొదటి వారం వర్క్‌షాపు. ఏడో రోజు ఆనకట్ట. “ఎనిమిదో రోజు విద్యుత్కేంద్రం. దాయ్, ఇది వినండి! కేంద్రమంతా కొండ లోపలే ఉందట. బయటికి ఏమీ కనబడదట. సొరంగంలో ఒక కిలోమీటరు వెళితే హాలు వస్తుందట. రోజంతా అక్కడే.”

హర్కజిత్ టీ గ్లాసు కింద పెట్టాడు.

“లోపలా?” అన్నాడు. “కొండ లోపలా?”

“అవును దాయ్. తలచుకుంటేనే ఒళ్లు పులకరించడం లేదూ?”

తొమ్మిదేళ్ల కిందట, వైశాఖంలో ఒక శనివారం మధ్యాహ్నం భూమి కంపించినప్పుడు హర్కజిత్ ఊళ్లో తమ పాత రాతి ఇంట్లో ఉన్నాడు. తమ్ముడు ధన్‌జిత్‌తో కలిసి అటక మీది మొక్కజొన్న దించుతున్నాడు. పద్దెనిమిది గంటల తరువాత ఊరివాళ్లు రాళ్లు తొలగించి అతన్ని బయటికి లాగారు. తమ్ముణ్ణి కూడా లాగారు గాని, తమ్ముడు కళ్లు తెరవలేదు. ఎవరైనా అడిగితే హర్కజిత్ అంతవరకే చెప్పేవాడు.

అప్పటినుంచీ అతను లిఫ్టు ఎక్కలేదు. స్నానాల గదికి గడియ పెట్టలేదు. పుష్యమాసపు చలిలోనూ పడకగది తలుపు బార్లా తెరిచి ఉండాల్సిందే. భార్య మన్‌మాయ మూడు దుప్పట్లు కప్పుకుని సర్దుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే అతను ఉప్రేతీ మేడమ్ గది ముందు నిలబడ్డాడు. ఆ నిధి వ్యవహారాలన్నీ చూసేది ఆవిడే. తలుపు మూయకుండా లోపలికి వెళ్లాడు.

“మేడమ్, నా బదులు ఇంకొకరిని పంపండి. నాకు... ఇంగ్లీషు రాదు కదా.”

“ఇంగ్లీషు రాదని వాళ్లకి ముందే రాశాను హర్కజిత్ దాయ్. చేతిపని వచ్చినవాళ్లే కావాలన్నారు.”

“ఇంట్లో కూడా కొంచెం ఇబ్బంది...”

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “చూడండి. పేర్లు మార్చే గడువు నిన్నటితో అయిపోయింది. వాళ్ల నిబంధనేమో జంటగానే రావాలని. మీరు ఆగిపోతే కేసరి కూడా ఆగిపోవాలి. ఆ పిల్ల మూడేళ్లుగా దరఖాస్తు పెడుతోంది. మీకు తెలుసుగా?”

తెలుసు. మొదటి రెండుసార్లు దరఖాస్తు తిరిగొచ్చినప్పుడు ఆ పిల్ల ల్యాబు వెనక కూర్చుని ఏడవడం అతనే చూశాడు. అతనే నీళ్లు తెచ్చి ఇచ్చాడు. అసలు సంగతి చెబుదామనుకున్నాడు. కానీ నలభై నాలుగేళ్ల మగాడు మూసిన చోటంటే భయమని ఆ బల్ల ముందు ఎలా చెబుతాడు?

“సరే మేడమ్. వెళ్తాను,” అని వచ్చేశాడు.

ప్రయాణం దాకా ఉన్న ఐదు వారాలూ అతనికి అన్నం సహించలేదు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు పాత సామాను గదిలోకి వెళ్లి తలుపు మూసి చూసుకున్నాడు. ఇరవై అంకెలు లెక్కపెట్టాలనుకున్నాడు. ఆరు దాటేసరికి ముచ్చెమటలు పోసి, తలుపు తోసుకుని బయటపడి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. కొండ లోపల రోజంతా ఎలా?

బయల్దేరేటప్పుడు మన్‌మాయ ఇచ్చిన ఎర్ర దారాన్ని విమానంలో వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ పదమూడు గంటలు గడిపాడు. బసలో ఐదో అంతస్తుకి మెట్లెక్కి వెళ్లాడు. గది కిటికీ జానెడుకన్నా తెరుచుకోదు. ఆ జానెడు సందులో ముక్కు పెట్టి కూర్చుని మొదటి రాత్రి వెళ్లబుచ్చాడు.

వర్క్‌షాపులో మాత్రం భయం కాస్త సద్దుమణిగింది. పెద్ద తలుపులు, ఎత్తైన కప్పు, చేతికి తెలిసిన ఇనుము. ఇంగున్ అనే పొడవాటి నెరిసిన జుట్టావిడ నేర్పేది. మూడో రోజు పంపు ఒకటి విప్పి బిగించమంటే, కెన్యా నుంచీ పెరూ నుంచీ వచ్చినవాళ్లకన్నా ముందు బిగించాడు. ఇంగున్ అతని వేళ్లు పట్టుకుని అందరికీ చూపించింది. రాత్రి అయ్యేసరికి మళ్లీ అదే లెక్క. ఎనిమిదో రోజుకి ఇంకా ఐదు రోజులు. ఇంకా నాలుగు. ఇంకా మూడు. ఇంకా రెండు.

ఆ రోజు రానే వచ్చింది. బస్సు ఒక లోయలో ఆగింది. ఎదురుగా నల్లటి కొండ, దాని అడుగున ఇనుప గేటు, గేటు వెనక నోరు తెరుచుకున్న చీకటి. అందరికీ హెల్మెట్లు ఇచ్చారు. లోపలికి తీసుకెళ్లే చిన్న బండి వచ్చింది. దానికి కిటికీలు లేవు.

బండి మెట్టు మీద ఒక కాలు పెట్టాక రెండో కాలు లేవలేదు. వెనకవాళ్లు ఆగిపోయారు. గుండె చప్పుడు హెల్మెటు లోపల మోగుతోంది.

కేసరి బండి దిగి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది.

“నా వల్ల కాదు నానీ,” అన్నాడు హర్కజిత్. చిన్నపిల్లల్ని పిలిచినట్టు ఆమెనలాగే పిలుస్తాడు. “నా వల్ల కాదు. నువ్వు వెళ్లు. నాకు కడుపునొప్పని చెప్పు.”

“కడుపునొప్పేంటి దాయ్? మీరు స్నానాల గదికి గడియ పెట్టరని కాలేజీ అంతటికీ తెలుసు. మీరు అందులో ఉంటే మేం కాపలా కాసేవాళ్లం, తెలుసా?”

అతను నేల చూపులు చూశాడు. “తెలిసి కూడా మరి...”

“ఈ బండి ఎక్కాలని నేననలేదుగా. నేను మాట్లాడతాను, ఉండండి.”

ఆమె ఇంగున్‌తో ఏదో చెప్పింది. ఇంగున్ అతని దగ్గరికి వచ్చి, నెమ్మదిగా మాట్లాడింది. కేసరి అనువాదం చేసినట్టుగా కాక, తన మాటల్లో తనే చెప్పినట్టు నేపాలీలో చెప్పింది. “ఎవరూ బలవంతపెట్టరట. గేటు దగ్గర కూర్చోవచ్చట. లేదా నడిచి రావచ్చట, ఎంత దూరం వస్తే అంత. ఆవిడ తోడు వస్తుందట. గేటు తెరిచే ఉంచుతారట.”

గేటు తెరిచి ఉంటుందన్న మాట ఒక్కటే అతని చెవికెక్కింది. “నడుస్తాను,” అన్నాడు.

బండి మిగతా వాళ్లతో లోపలికి వెళ్లిపోయింది. ఇంగున్, హర్కజిత్ నడక మొదలుపెట్టారు. గోడకి ప్రతి పది అడుగులకీ ఒక దీపం. అతను రాతిని చూడకుండా దీపాలనే చూస్తూ నడిచాడు. ముప్పై దీపాలు దాటి వెనక్కి తిరిగి చూశాడు. గేటు అరచెయ్యంత వెలుగై కనబడుతోంది. డెబ్బై దాటాక సొరంగం వంపు తిరిగింది. గేటు వెలుగు ఇక కనబడలేదు. అతను ఆగిపోయాడు. ఇంగున్ తన చేతి సంచీ పట్టీ అతనికి అందించింది. పిల్లవాడిలా దాన్ని పట్టుకుని ఇంకో ఇరవై దీపాలు నడిచాడు.

అప్పుడు దీపాలన్నీ ఆరిపోయాయి.

హాలులో ఉన్నవాళ్లకి కరెంటు పోతే ఏం చెయ్యాలో నేర్పడానికి పెట్టిన అభ్యాసం అది. నడిచి వస్తున్న ఇద్దరికోసం దాన్ని ఆపమని ఇంగున్ చెప్పే ఉంచింది గాని, ఆ కబురు కొండ లోపలికి అందలేదు. హర్కజిత్‌కి ఇవేమీ తెలియవు. అతనికి తెలిసింది నల్లటి బరువు ఒకటి తల మీదికి దిగడం. మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. ఇంగున్ ఏదో అంటూ టార్చి వెలిగించింది. ఆ వెలుగు పైకప్పు మీద పడింది. తడి రాయి, గరుకు రాయి, అందుకునేంత దగ్గరలో ఉన్నట్టు. చీకటికన్నా అది ఘోరంగా ఉంది. అతను కళ్లు గట్టిగా మూసుకుని ఊపిరి బిగపట్టాడు. గాలి పొదుపు చెయ్యాలి. కదలకూడదు. మాట్లాడకూడదు.

“దాయ్!”

ఎక్కడో లోపల్నుంచి, సొరంగం పొడుగునా దొర్లుకుంటూ వచ్చింది ఆ పిలుపు.

“దాయ్! ఉన్నారా?”

అతను పలకలేదు. ఆ రోజూ పలకలేదు. రాళ్ల కింద, మూరెడు దూరంలో, ధన్‌జిత్ ఇదే మాటతో పిలిచాడు. “దాయ్, ఉన్నావా?” మొదట్లో హర్కజిత్ పలికాడు. తరువాత గాలి చాలదేమోనని భయపడి, నోరు మూసుకున్నాడు. తమ్ముడు పిలుస్తూనే ఉన్నాడు. గొంతు సన్నబడ్డాక కూడా పిలిచాడు. అన్న చచ్చిపోయాడనుకుంటూ ఆ కుర్రాడు ఒంటరిగా పోయాడు. తొమ్మిదేళ్లలో హర్కజిత్ ఈ సంగతి మన్‌మాయకి కూడా చెప్పలేదు.

“దాయ్! పలకండి దాయ్!” పిల్ల గొంతు పగిలేలా అరుస్తోంది. దీపాలారగానే అతను సొరంగంలోనే ఉన్నాడని గుర్తొచ్చి, ఆగమన్నవాళ్ల మాట వినకుండా పరుగెత్తి వస్తోంది. ఎక్కడో తట్టుకుని పడిన చప్పుడు కూడా వినబడింది.

హర్కజిత్ బిగపట్టిన ఊపిరి వదిలాడు. వదిలి, మళ్లీ పీల్చాడు. గాలి వచ్చింది. చల్లటి గాలి మొహం మీద ఆడుతోంది.

“ఉన్నాను!” అన్నాడు. మళ్లీ అరిచాడు. “ఉన్నాను నానీ! ఇక్కడే ఉన్నాను! పరుగెత్తకు, పడతావు! ఉన్నాను!”

దీపాలు వెలిగేదాకా, వెలిగాక కూడా, అలా అరుస్తూనే ఉన్నాడు. కేసరి మోకాలు చీరుకుపోయి, హెల్మెటు ఎక్కడో పారేసుకుని వచ్చి అతని పక్కన కూలబడింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఇంగున్ ఇద్దరికీ అవతలగా నిలబడి, క్షమించమన్నట్టు ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

ఇంక ముందుకి వెళ్లలేదు. ముగ్గురూ బయటికి నడిచారు. టర్బైన్ల హాలు ఎలా ఉంటుందో హర్కజిత్ చూడనేలేదు. చివరి రోజు ఇచ్చిన ధ్రువపత్రంలో ఎనిమిదో రోజు గడి ఖాళీగానే ఉంది.

తిరిగొచ్చాక నివేదిక రాయడానికి ఉప్రేతీ మేడమ్ అతన్ని కూర్చోబెట్టింది. “ఆ ఖాళీ గడికి ఏం కారణం రాయమంటారు? ఆరోగ్యం బాగోలేదని రాయనా?”

“భయపడ్డానని రాయండి మేడమ్. జంట నిబంధన లేకపోతే ముందే చెప్పేవాణ్ణని కూడా రాయండి.”

ఆవిడ కలం ఆపింది. “నేను ఆ రోజు మిమ్మల్ని ఎందుకని ఒక్క మాట కూడా అడగలేదు కదా,” అంది. తరువాత అతను చెప్పినట్టే రాసింది. నాలుగు నెలలకి నిధి నుంచి జవాబు వచ్చింది. ఇకమీదట జంటలో ఒకరు ఆగినా రెండోవారి సీటు పోదు.

ఆ కబురు వచ్చేనాటికి హర్కజిత్ కాలేజీలో లేడు. సెలవు పెట్టి ఊరికి వెళ్లాడు. ధన్‌జిత్ భార్య బిష్ణుకలా కొత్తగా కట్టిన రేకుల ఇంట్లో హర్కజిత్ తల్లితో కలిసి ఉంటోంది. తల్లి ఆ రోజు పొరుగూరు వెళ్లింది. అతను వాకిట్లో పీట మీద కూర్చున్నాడు. సొరంగం గేటు ముందుకన్నా ఇక్కడే ఎక్కువ భయపడ్డాడు. అయినా ఆగకుండా మొత్తం చెప్పాడు. తమ్ముడు పిలవడం, తను పలకకపోవడం.

బిష్ణుకలా గొడ్డుకి కోస్తున్న గడ్డి పక్కన పెట్టింది. ఆమె మొహంలో ఏముందో చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

“ఎంతసేపు పిలిచాడు బావగారూ?”

“చాలాసేపు.”

“నా పేరు పిలిచాడా?”

“పిలిచాడు. చివర్లో నీ పేరే.”

ఆమె లేచి లోపలికి వెళ్లింది. ఎంతకీ బయటికి రాలేదు. వెళ్లిపొమ్మంటుందేమో, తిడుతుందేమో, అసలు రాదేమోనని అతను గుమ్మం వంకే చూస్తూ కూర్చున్నాడు. పొద్దు కొండ వెనక్కి జారాక ఆమె వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కంచంలో అన్నం, పప్పు, ముల్లంగి పచ్చడి.

“ఈ మాట నాకు తొమ్మిదేళ్ల కిందటే చెప్పాల్సింది,” అంది కంచం అతని ముందు పెడుతూ. “తినండి. రేపు మీ నోటితోనే అత్తయ్యకి కూడా చెప్పాలి.”